కంపైలర్ మారితే అసెంబ్లీ ఎందుకు మొండికేస్తుంది?

చిన్నప్పుడు కూడికలు చేసేటప్పుడు అందరం నోటితో అనుకున్న మాటే: ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేసి ఒకటి చేతిలో. ఆ "చేతిలో ఒకటి"ని తిన్నగా చెప్పడానికి సీ భాషలో మాట లేదు. గణిత లైబ్రరీల్లో అసెంబ్లీ కోడ్ (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను ఒక్కొక్కటిగా చేత్తో రాసేది) ఇంకా ఎందుకుందో, దాన్ని ఒక కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని ప్రాసెసర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) నుంచి ఇంకో కంపైలర్‌కి తీసుకెళ్లడం ఎందుకంత తలనొప్పో అర్థం కావాలంటే ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

వెయ్యి అంకెల సంఖ్యలు రెండింటిని కలపాలనుకోండి. ప్రాసెసర్ ఒక్కసారికి 64 బిట్లే కలపగలదు కాబట్టి సంఖ్యను 64 బిట్ల ముక్కలుగా విడగొట్టి, కుడి నుంచి ఎడమకు ఒక్కో ముక్కా కలుపుకుంటూ పోతాం. కూడిక 64 బిట్లు దాటి పొంగితే ప్రాసెసర్‌లోని క్యారీ ఫ్లాగ్‌లో 1 పడుతుంది. తర్వాతి ముక్కకు ఏడీసీ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడితే ఆ 1ని కూడా కలిపేస్తుంది. ముక్కకు ఒక్క ఇన్‌స్ట్రక్షన్, అంతే. అదే సీలో అయితే ఫ్లాగ్ అనేది కంటికే కనపడదు. మొత్తం, కలిపిన సంఖ్య కన్నా చిన్నదైందా అని పోల్చి చూసి, అయితే పొంగిందని ఊహించి, ఆ 1ని వేరే వేరియబుల్‌లో దాచి, మళ్లీ కలపాలి. గుణకారం ఇంకా అన్యాయం. 64 బిట్ల సంఖ్యలు రెండు గుణిస్తే 128 బిట్ల జవాబు వస్తుంది, ప్రాసెసర్ ఆ మొత్తాన్ని రెండు రిజిస్టర్లలో (తన లోపలి చిన్న గళ్లలో) పెట్టి చేతికిస్తుంది. సీ మాత్రం కింది సగం మనకిచ్చి పైసగం పారేస్తుంది.

అందుకే 1991లో మొదటిసారి విడుదలైన జీఎంపీ అనే లైబ్రరీ, పెద్ద సంఖ్యల లెక్కల్లోని అట్టడుగు లూపులను ప్రాసెసర్ వారీగా అసెంబ్లీలో రాసుకుంది. మాట్రిక్స్ లెక్కల్లో కథ వేరుగా మొదలై అక్కడికే చేరింది. కజుషిగె గోటో అనే ఇంజనీరు మాట్రిక్స్ గుణకారాన్ని క్యాష్ (ప్రాసెసర్ పక్కనుండే వేగమైన చిన్న మెమరీ) పరిమాణానికి తగ్గ దిమ్మలుగా కోసి, జవాబులో ఒక చిన్న పలకను మొదటి నుంచి చివరి దాకా రిజిస్టర్లలోనే ఉంచేలా చేత్తో అసెంబ్లీ రాశాడు. అదే గోటోబ్లాస్ లైబ్రరీ. దాని అభివృద్ధి ఆగాక, 2011లో ఆ కోడ్ మీదే ఓపెన్‌బ్లాస్ మొదలైంది. ఉన్న రిజిస్టర్లన్నీ లెక్కపెట్టి వాడే చోట, ఏ వేరియబుల్ ఏ రిజిస్టర్‌లో ఉండాలన్నది కంపైలర్ ఇష్టానికి వదిలేస్తే అది ఒక్కోసారి ఒకటి రెండింటిని మెమరీలోకి తోసేస్తుంది. లోపలి లూపులో అలా తోస్తే వేగం సగం అక్కడే పోతుంది.

సరే, అసెంబ్లీ రాశారు, జీసీసీ అనే కంపైలర్‌తో లినక్స్ మీద చక్కగా నడుస్తోంది. ఇప్పుడు దాన్నే మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కిస్తే మొదటి లైన్ దగ్గరే గొడవ. ప్రాసెసర్ అదే, ఇన్‌స్ట్రక్షన్లు అవే. మరి తేడా ఎక్కడ? నా లెక్కలో జవాబిది: సీ కోడ్ రాస్తున్నప్పుడు కంపైలర్ మన తరఫున నోరెత్తకుండా ఎన్నో ఒప్పందాలు పాటిస్తుంది. అసెంబ్లీలో అవన్నీ మనమే చేత్తో రాస్తాం. చోటు మారితే ఆ ఒప్పందాలు మారతాయి. మనం రాసింది మాత్రం పాత ఒప్పందమే.

యాస గొడవ

ముందు పైకి కనిపించే తేడా. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) అసెంబ్లీ రాయడానికి రెండు యాసలున్నాయి. ఏటీ అండ్ టీ యాసలో విలువ ఎక్కడి నుంచి వస్తుందో ముందు రాస్తారు, ఎక్కడికి పోతుందో తర్వాత. ఇంటెల్ యాసలో సరిగ్గా తలకిందులు. జీసీసీ వెంట వచ్చే గ్యాస్ అనే అసెంబ్లర్‌ది (అసెంబ్లీని ప్రాసెసర్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్‌ది) మొదటి యాస. మైక్రోసాఫ్ట్ మాస్మ్, స్వతంత్రంగా వాడే నాస్మ్, యాస్మ్‌లది రెండోది. వ్యవకలనంలో ఆపరాండ్లు (లెక్కలోకి వెళ్లే విలువలు) తారుమారైతే జవాబు తప్పుతుంది సరే, అది టెస్టులో దొరికిపోతుంది. అసలు చికాకు ఒకే యాసలోని చిన్న తేడాలతోనే. నాస్మ్‌లో ఒక లేబుల్‌ని (మెమరీలో ఒక చోటుకు పెట్టిన పేరుని) ఊరికే రాస్తే దాని చిరునామా అని అర్థం. మాస్మ్‌లో అదే రాస్తే ఆ చిరునామాలో ఉన్న విలువ అని అర్థం. చూడ్డానికి లైన్ ఒక్కటే.

ఏటీ అండ్ టీ యాసలో ఓ ముచ్చటైన పాత తప్పు కూడా ఉంది. పాత ఎక్స్87 ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌లో (దశాంశ లెక్కలు చేసే భాగంలో) వ్యవకలనానికి, తిరగేసిన వ్యవకలనానికి రెండు వేర్వేరు ఇన్‌స్ట్రక్షన్లున్నాయి, భాగహారానికీ అంతే. పాత యూనిక్స్ అసెంబ్లర్‌లో జరిగిన పొరపాటు వల్ల కొన్ని రూపాల్లో ఆ రెండు పేర్లూ ఒకదానికొకటి మారిపోయాయి. అప్పటికే రాసిన కోడ్ పాడవకూడదని గ్యాస్ ఆ తప్పును అలాగే కాపాడుకుంటూ వచ్చింది. ఎక్స్87 కోడ్‌ని ఒక యాస నుంచి ఇంకో యాసలోకి చేత్తో మార్చేవాళ్లు ఈ గుంటలో పడని రోజు ఉండదు.

ఈ యాసల బాధ పడలేక పెద్ద లైబ్రరీలు తలో దారి వెతుక్కున్నాయి. జీఎంపీ తన అసెంబ్లీని ఎం4 అనే మాక్రో భాషలో (చిన్న పేరు రాస్తే పెద్ద కోడ్‌గా విప్పే భాషలో) రాసి, బిల్డ్ సమయంలో అక్కడి అసెంబ్లర్‌కి తగ్గట్టు తయారుచేసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోతో కూడా తిన్నగా కంపైల్ అవ్వాలనుకున్నవాళ్లు జీఎంపీ నుంచి చీలి ఎంపీఐఆర్ మొదలుపెట్టి, యాస్మ్‌ని పట్టుకున్నారు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ ఇంకో అడుగు ముందుకేసి, అసెంబ్లీని పెర్ల్ స్క్రిప్టుల్లోంచి పుట్టిస్తుంది. ఒకే మూలం నుంచి గ్యాస్‌కి, నాస్మ్‌కి, మాస్మ్‌కి వేర్వేరు ఫైళ్లు బయటికొస్తాయి. మొదటిసారి చూస్తే ఇదేం పిచ్చి అనిపిస్తుంది. నాలుగు ప్లాట్‌ఫారాలకు నాలుగు కాపీలు చేత్తో మెయింటైన్ చేసి చూశాక ఆ పిచ్చిలో ఎంత తెలివుందో తెలుస్తుంది.

ఎవరి రిజిస్టర్ ఎవరిది

యాస మార్చడం యంత్రం చేసే పని. అసలు ప్రమాదం ఏబీఐలో ఉంది, అంటే ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఇద్దరూ పాటించాల్సిన ఒప్పందంలో.

64 బిట్ల ఎక్స్86 మీద లినక్స్, మాక్‌లు సిస్టమ్ ఫైవ్ ఒప్పందాన్ని పాటిస్తాయి. మొదటి ఆరు పూర్ణాంక ఆర్గ్యుమెంట్లు ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 రిజిస్టర్లలో వస్తాయి. విండోస్‌లో నాలుగే: ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9. ఒక పూర్ణాంకం, ఒక డబుల్ (దశాంశ సంఖ్య) తీసుకునే ఫంక్షన్ ఉందనుకోండి. లినక్స్‌లో ఆ డబుల్ ఎక్స్ఎంఎం0 అనే రిజిస్టర్‌లో ఉంటుంది, ఎందుకంటే దశాంశాల వరుస వేరు. విండోస్‌లో రెండో ఆర్గ్యుమెంట్ కాబట్టి ఎక్స్ఎంఎం1లో ఉంటుంది. పైగా విండోస్‌లో పిలిచేవాడు స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) మీద 32 బైట్ల ఖాళీ చోటు వదలాలి. లినక్స్‌లో, ఇంకెవరినీ పిలవని చిన్న ఫంక్షన్ స్టాక్ పాయింటర్‌ని కదపకుండానే దాని కింద 128 బైట్లు వాడుకోవచ్చు, దాన్ని రెడ్ జోన్ అంటారు. విండోస్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ దాచుకున్న విలువ ఎప్పుడైనా చెరిగిపోవచ్చు.

వీటన్నిటి కన్నా మోసపూరితమైనది, ఏ రిజిస్టర్లను కాపాడి తిరిగివ్వాలన్న నియమం. సిస్టమ్ ఫైవ్‌లో ఎక్స్ఎంఎం రిజిస్టర్లన్నీ పిలవబడిన ఫంక్షన్‌వే, ఎలా వాడినా అడిగేవాడు లేడు. విండోస్‌లో ఎక్స్ఎంఎం6 నుంచి ఎక్స్ఎంఎం15 దాకా పదీ పిలిచినవాడివి. వాడుకుంటే, పోయేటప్పుడు పాత విలువ అక్కడ పెట్టి పోవాలి. ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐలదీ అక్కడ అదే సంగతి. ఒకసారి ఇలాంటి తప్పు వెనక నేను మూడు రోజులు తిరిగాను. నేను రాసిన డాట్ ప్రొడక్ట్ ఫంక్షన్ విండోస్ మీద అన్ని టెస్టులూ పాసైంది, ఇచ్చే జవాబు ప్రతిసారీ సరైనదే. తప్పు జవాబు వస్తున్నది దాన్ని లూపులో పిలుస్తున్న వేరే ఫంక్షన్‌లో, అదీ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తేనే. ఆ ఫంక్షన్ మొత్తాన్ని కూడుకుంటూ ఎక్స్ఎంఎం6లో పెట్టుకుంటోంది, నా కోడ్ ప్రతి పిలుపుకూ దాన్ని తుడిచేస్తోంది. దొంగ ఒకచోట, కేసు ఇంకోచోట.

జీఎంపీ వాళ్లు దీనికి ఎంచుకున్న ఉపాయం తేలికైనది. అసెంబ్లీ అంతా సిస్టమ్ ఫైవ్ ఒప్పందంలోనే రాస్తారు. విండోస్‌కి బిల్డ్ చేస్తే మాత్రం ఫంక్షన్ గుమ్మం దగ్గర ఒక మాక్రో ఆర్గ్యుమెంట్లను అటూ ఇటూ సర్ది, ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐలను దాచి, బయటికెళ్లేటప్పుడు తిరిగి పెట్టేస్తుంది. నాలుగైదు ఇన్‌స్ట్రక్షన్లు అదనం. పెద్ద సంఖ్యల మీద అవి లెక్కలోకి రావు, రెండు మూడు ముక్కల చిన్న సంఖ్యల మీద కాస్త తెలుస్తాయి. దీని పక్కనే ఇంకో గొయ్యి: 64 బిట్ల విండోస్‌లో లాంగ్ అనే టైపు 32 బిట్లే. లినక్స్‌లో 64. అందుకని అక్కడ జీఎంపీ ఒక్కో ముక్కను లాంగ్ లాంగ్‌గా ప్రకటించుకుంటుంది.

ఆర్మ్ 64 అనే వేరే రకం ప్రాసెసర్లలోనూ ఒక రిజిస్టర్ మీద తగాదా ఉంది. ఎక్స్18ని లినక్స్‌లో మామూలుగా వాడుకోవచ్చు. ఆపిల్, విండోస్ రెండూ దాన్ని తమ కోసం అట్టిపెట్టుకున్నాయి. ఆపిల్ అసెంబ్లర్‌లో సెమికోలన్ పెడితే ఆ తర్వాతంతా కామెంట్ అని అర్థం. ఒకే లైన్‌లో సెమికోలన్లతో నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు రాసిన మాక్రోలో మొదటిదే మిగులుతుంది. ఎర్రర్ కూడా రాదు.

పేర్లు, ఫోర్‌ట్రాన్

అసెంబ్లీలో ఫంక్షన్ పేరు ఎలా రాస్తే ఆబ్జెక్ట్ ఫైల్లో (కంపైల్ అయ్యాక వచ్చే ఫైల్లో) అలాగే ఉంటుంది. సీ కంపైలర్ మాత్రం మాక్ మీద, 32 బిట్ల విండోస్ మీద పేరుకు ముందు ఒక అండర్‌స్కోర్ తగిలిస్తుంది. లినక్స్‌లో, 64 బిట్ల విండోస్‌లో తగిలించదు. లింకర్ (ఆ ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్‌గా చేసేది) "దొరకలేదు" అని అరిచే ఎర్రర్లలో చాలా వాటి వెనక ఉన్నది ఇదే. దీన్ని ఒక మాక్రోతో సరిచెయ్యొచ్చు.

ఫోర్‌ట్రాన్ (చాలా గణిత లైబ్రరీలు రాసిన పాత భాష) కలిస్తే మాత్రం అంత తేలిక కాదు. జీసీసీ వాళ్ల ఫోర్‌ట్రాన్ కంపైలర్ జీఫోర్‌ట్రాన్ పేర్లను చిన్న అక్షరాలకు మార్చి చివర అండర్‌స్కోర్ పెడుతుంది. విండోస్‌లో ఇంటెల్ ఫోర్‌ట్రాన్ అన్నీ పెద్ద అక్షరాలు చేసేస్తుంది. కాంప్లెక్స్ సంఖ్యను తిరిగిచ్చే ఫంక్షన్లలో, పాత జీ77 కంపైలర్ పద్ధతిలో జవాబు కోసం ఒక దాచిన పాయింటర్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది. జీఫోర్‌ట్రాన్ రిజిస్టర్లలో ఇస్తుంది. రెండూ కలిస్తే క్రాష్, లేదా చెత్త జవాబు.

అక్షరాల ఆర్గ్యుమెంట్ల కథ ఇంకా పాఠం లాంటిది. లాపాక్ అనే మాట్రిక్స్ లైబ్రరీలో "ట్రాన్స్‌పోజ్ చెయ్యాలా వద్దా" లాంటివి ఒక్క అక్షరంతో చెబుతారు. ఫోర్‌ట్రాన్ కంపైలర్ ఆ స్ట్రింగ్ పొడవును ఆర్గ్యుమెంట్ల చివర దాచిపెట్టి పంపుతుంది. సీ నుంచి పిలిచేవాళ్లు, ఎలాగూ ఒక్క అక్షరమే కదా అని దశాబ్దాలుగా దాన్ని పంపకుండా ఎగ్గొట్టారు, ఏమీ కాలేదు. 2019లో జీఫోర్‌ట్రాన్ కొత్త వెర్షన్లు ఫంక్షన్ చివర చేసే పిలుపులను ఆప్టిమైజ్ చేస్తూ ఆ పొడవు ఉండాల్సిన స్టాక్ చోటును తిరిగి వాడుకోవడం మొదలుపెట్టాయి. అక్కడ నిజానికి ఉన్నది పిలిచినవాడి సొంత డేటా. గణాంకాలకు వాడే ఆర్ భాషలోని లెక్కలు కూలిపోయాక విషయం బయటపడింది. కంపైలర్‌లో తప్పు లేదు. అయినా అంత పాత కోడ్‌ని ఒక్కరోజులో మార్చలేరు కాబట్టి, ఆ ఆప్టిమైజేషన్‌ని తప్పించే ఒక ఆప్షన్ జీఫోర్‌ట్రాన్‌లో పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌లైన్ అసెంబ్లీ అనే నమ్మకం

నా మట్టుకు నేను అన్నిటికన్నా భయపడేది సీ ఫంక్షన్ మధ్యలో ఇరికించే ఇన్‌లైన్ అసెంబ్లీకి. వేరే ఫైల్లో రాసిన అసెంబ్లీ తప్పైతే ఏబీఐ పుస్తకం తెరిచి తప్పు పట్టొచ్చు. ఇన్‌లైన్‌లో ఒప్పందం ఆ కంపైలర్‌తో, ఆ వెర్షన్‌తో.

జీసీసీ పద్ధతిలో అసెంబ్లీని ఒక స్ట్రింగ్‌గా రాసి, పక్కన మూడు జాబితాలిస్తాం: ఏవి బయటికొస్తాయి, ఏవి లోపలికెళ్తాయి, ఇంకేవి చెడిపోతాయి. ఆ స్ట్రింగ్‌లో ఏముందో జీసీసీ చదవదు. జాబితాలనే నమ్ముతుంది. ఒక పాయింటర్‌ని "లోపలికెళ్తుంది" అని మాత్రమే చెప్పి, అసెంబ్లీ లూపులో దాన్ని జరుపుకుంటూ పోయామనుకోండి. ఆ రిజిస్టర్‌లో పాత విలువే ఉందని కంపైలర్ అనుకుంటుంది. తర్వాత ఆ పాయింటర్‌తో పని లేకపోతే ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఒకరోజు కొత్త కంపైలర్ ఆ రిజిస్టర్‌ని మళ్లీ వాడదామనుకుంటుంది, అంతే, డేటా పోతుంది. ఓపెన్‌బ్లాస్‌లోని పలు కెర్నెల్స్‌లో (అట్టడుగు లెక్కలు చేసే ఫంక్షన్లలో) ఇలాంటి జాబితాలనే తర్వాతి వెర్షన్లలో కూర్చుని సరిదిద్దారు. "నిన్నటిదాకా పనిచేసింది, కంపైలర్ పాడు చేసింది" అనే ఫిర్యాదు వినిపిస్తే నేను ముందు చూసేది ఆ జాబితాలనే.

మైక్రోసాఫ్ట్ కంపైలర్ 32 బిట్లలో వేరే రకం ఇన్‌లైన్ అసెంబ్లీని ఒప్పుకుంటుంది. 64 బిట్లలో అసలు ఒప్పుకోదు. అందుకే చాలామంది "ఇది జీసీసీ అయితే ఈ కోడ్, మైక్రోసాఫ్ట్ అయితే ఆ కోడ్" అని షరతులు రాస్తారు. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ ఈ లెక్కను చెడగొడుతుంది. లినక్స్ మీద తాను జీసీసీ 4.2.1నని చెప్పుకుంటుంది, కాబట్టి జీసీసీ కోసం రాసిందంతా దాని నెత్తిన పడుతుంది. దాని సొంత అసెంబ్లర్ గ్యాస్ కన్నా కచ్చితమైనది, గ్యాస్ చూసీచూడనట్టు వదిలేసేవాటిని తిరస్కరిస్తుంది. అదే క్లాంగ్ విండోస్‌లో క్లాంగ్-సీఎల్ వేషంలో వస్తే తాను మైక్రోసాఫ్ట్ కంపైలర్నని చెప్పుకుంటుంది. ఇన్‌లైన్ అసెంబ్లీ చెయ్యగలిగి కూడా నెమ్మదైన దారిలోకి పోతుంది. అడగాల్సింది కంపైలర్ పేరు కాదు. బిల్డ్ సమయంలో ఓ చిన్న ముక్క కంపైల్ చేసి చూసి, ఫలానా పని వచ్చా రాదా అని తేల్చుకోవాలి.

మధ్యేమార్గంగా ఇంట్రిన్సిక్స్ ఉన్నాయి, అంటే ఫంక్షన్‌లా కనిపించి ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మారే పేర్లు. రిజిస్టర్ల పంపకం, ఏబీఐ, యాస అన్నీ కంపైలరే చూసుకుంటుంది. మాట్రిక్స్ పనికి కొత్తగా రాసేవాళ్లకి నేను ఇవే చెబుతాను. క్యారీ విషయంలో మాత్రం చాలాకాలం ఇవి నిరాశపరిచాయి. క్యారీతో కలిపే ఇంట్రిన్సిక్‌ని వరసగా వాడితే, జీసీసీ ప్రతిసారీ ఫ్లాగ్‌ని రిజిస్టర్‌లో దాచి మళ్లీ ఫ్లాగ్‌లోకి తెచ్చేది. 128 బిట్ల గుణకారానికి జీసీసీ, క్లాంగ్‌లలో 128 బిట్ల పూర్ణాంక టైపుంది. మైక్రోసాఫ్ట్‌లో ఆ టైపు లేదు, బదులుగా ఒక ఇంట్రిన్సిక్ ఇస్తుంది. ఈ చిన్న తేడాను ఒక మాక్రోలో దాచేస్తే సగం అసెంబ్లీ అవసరమే ఉండదు.

కంపైల్ అయింది, కానీ చివరి అంకె తేడా

అన్నీ దాటి లైబ్రరీ నడిచాక ఇంకో రకం ఫిర్యాదు మొదలవుతుంది: రెండు కంపైలర్లు రెండు జవాబులిస్తున్నాయి.

పాత 32 బిట్ల ప్రపంచంలో దీనికి కారణం ఎక్స్87. దాని రిజిస్టర్లు 80 బిట్లవి. లినక్స్ ఆ పూర్తి ఖచ్చితత్వం వాడుకునేది, మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తోడుండే లైబ్రరీ) దాన్ని మామూలు డబుల్ స్థాయికి, అంటే అంకెల భాగంలో 53 బిట్లకు తగ్గించి పెట్టేది. ఇప్పటికీ లాంగ్ డబుల్ అంటే జీసీసీకి ఎక్స్86 మీద 80 బిట్లు, మైక్రోసాఫ్ట్‌కి 64, ఆర్మ్ 64 లినక్స్‌లో 128, ఆపిల్ ఆర్మ్‌లో మళ్లీ 64. ఆ టైపును అసెంబ్లీ సరిహద్దు దాటించకపోవడమే మంచిది.

ఇవాళ్టి కారణం ఎఫ్ఎంఏ. గుణించి కలిపే రెండు పనులను ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో, చివర ఒక్కసారే సవరింపుతో (రౌండింగ్‌తో) చేస్తుంది. వేగమూ ఎక్కువ, సాధారణంగా ఖచ్చితత్వమూ ఎక్కువ. కానీ ఎక్స్ వర్గంలోంచి వై వర్గం తీసేసే లెక్క చూడండి. రెండూ సమానమైతే సున్నా రావాలి. ఎఫ్ఎంఏగా మారితే ఒక వర్గానికి సవరింపు జరుగుతుంది, రెండోదానికి జరగదు, దాంతో సున్నాకి బదులు ఒక సూక్ష్మమైన సంఖ్య వస్తుంది. అది రుణ సంఖ్యయితే, దానికి వర్గమూలం తీస్తే నాన్, అంటే "ఇది సంఖ్య కాదు" అనే గుర్తు. జీసీసీ మామూలు మోడ్‌లో ఈ కలపడాన్ని తనంతట తానే చేసేస్తుంది. క్లాంగ్ 14వ వెర్షన్ నుంచి చేస్తోంది, అదీ ఒక వ్యక్తీకరణ లోపలే. ప్రాథమిక ఎక్స్86-64లో ఎఫ్ఎంఏ లేదు కాబట్టి అక్కడ ఇది కనిపించదు. అదే కోడ్‌ని ఆర్మ్ 64కి తీసుకెళ్లగానే బయటపడుతుంది. టెస్టులో జవాబును బిట్‌కు బిట్ పోల్చేవాళ్లకి టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

చిన్నదే కానీ మర్చిపోకూడనిది ఇంకొకటి. లినక్స్‌లో అసెంబ్లీ ఫైలు చివర "నాకు ఎగ్జిక్యూటబుల్ స్టాక్ (కోడ్ నడపగల స్టాక్) అక్కర్లేదు" అని చెప్పే ఖాళీ సెక్షన్ పెట్టకపోతే, కావాలేమోనని లింకర్ అనుకుంటుంది. ఆ లింకర్ ఉండే బైనుటిల్స్ ప్యాకేజీ, 2022లో వచ్చిన 2.39 నుంచి దీనికి హెచ్చరిక ఇస్తోంది. లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.41 నుంచైతే అలాంటి లైబ్రరీని ప్రోగ్రామ్ నడుస్తుండగా లోడ్ చెయ్యబోతే తిరస్కరిస్తుంది.

అసలు కంపైలర్ మార్చాలా?

ఇంతసేపూ ఒక ప్రశ్న పక్కన పెట్టాం. పైన చెప్పిన తేడాల్లో ఎక్కువ భాగం ప్లాట్‌ఫారమ్‌వి, కంపైలర్‌వి కావు. ఒకే ప్లాట్‌ఫారమ్ మీద సీ ఫంక్షన్ల వరకూ కంపైలర్లన్నీ ఒకే ఏబీఐ పాటిస్తాయి. ఓపెన్‌బ్లాస్‌ని మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఒక్కదానితోనే కడితే దాని అసెంబ్లీ ఏదీ పనికిరాదు, మామూలు సీ కెర్నెల్సే దిక్కు. అదే మింగ్‌డబ్ల్యూతో (విండోస్ కోసం వచ్చే జీసీసీతో) డీఎల్ఎల్‌గా (విడిగా లోడయ్యే లైబ్రరీ ఫైలుగా) కట్టి, మైక్రోసాఫ్ట్‌తో కట్టిన ప్రోగ్రామ్ నుంచి పిలిస్తే హాయిగా నడుస్తుంది. విండోస్ మీద పైథాన్ గణిత లైబ్రరీ నమ్‌పై ప్యాకేజీలు ఇలా మింగ్‌డబ్ల్యూతో కట్టిన ఓపెన్‌బ్లాస్‌నే వెంట తెచ్చుకున్నాయి. అక్కడా ఒక పాత పొరపాటుంది: 64 బిట్ల విండోస్‌కి జీసీసీ స్టాక్‌ని 32 బైట్ల సరిహద్దుకు సర్దకుండానే ఏవీఎక్స్ (ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) కోడ్‌లో సర్దినట్టు భావించేది. 2012 నుంచి 54412 నంబరుతో నమోదై ఉన్న బగ్ అది.

కట్టిన ప్రతిసారీ జీఎంపీని అసెంబ్లీ లేకుండా కూడా ఒకసారి కట్టుకోండి. కాన్ఫిగర్‌లో దానికి ఒక ఆప్షన్ ఉంది. నెమ్మదిగా నడుస్తుంది, కానీ రెండింటి జవాబులూ పోల్చుకుంటే తప్పు అసెంబ్లీలో ఉందో పైన సీలో ఉందో వెంటనే తేలుతుంది. చిన్న సంఖ్యలతో పాటు అన్ని బిట్లూ ఒకట్లైన సంఖ్యలతో పరీక్షించండి, క్యారీ చివరిదాకా పాకేది అప్పుడే.

డీఎల్ఎల్ దారిలో వెళ్లేవాళ్లు మెమరీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. జీఎంపీని సంఖ్యను అక్షరాల్లోకి మార్చమంటే, స్ట్రింగ్‌కి కావాల్సిన మెమరీ అదే తీసుకుని పాయింటర్ ఇస్తుంది. దాన్ని మీ ప్రోగ్రామ్‌లోని ఫ్రీ అనే ఫంక్షన్‌తో వదిలితే, డీఎల్ఎల్‌కి వేరే సీ రన్‌టైమ్ ఉన్నప్పుడు హీప్ (అడిగి తీసుకునే మెమరీ) పాడవుతుంది. మెమరీ ఫంక్షన్లు ఏవో చెప్పమని జీఎంపీనే అడిగి, అది చూపిన ఫ్రీతోనే వదలాలి.